‘ఇంట్లో చెప్పేస్తా’: స్వలింగ జంటల మధ్య గృహహింస

ఇద్దరు మగవాళ్లు గానీ ఇద్దరు ఆడవాళ్లు గానీ జంటగా బతుకుతున్న ఇంట్లో ఒకరు మరొకరిని కొట్టినా, నోటికొచ్చినట్టు తిట్టి కించపరిచినా, జీతం డబ్బులు లాక్కున్నా, ఇష్టం లేని పడకకు బలవంతపెట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా అది గృహహింసే. భార్యాభర్తల మధ్య జరిగే హింసకూ దీనికీ దెబ్బల్లో తేడా ఏమీ ఉండదు. ఆ దెబ్బ ఎవరికి చెప్పుకోవాలన్న చోటే తేడా వస్తుంది. భర్త చేత దెబ్బలు తిన్న ఆడమనిషి పుట్టింటికి వెళ్లి ఏడవవచ్చు. వాళ్లు సర్దుకుపొమ్మని తిప్పి పంపినా, ఆమెకు భర్త ఉన్నాడన్న సంగతి వాళ్లకు కొత్త కాదు. స్వలింగ జంటలో దెబ్బ తిన్న మనిషి ముందుగా ఆ బంధం గురించి చెప్పాలి, దెబ్బ సంగతి ఆ తరువాత. మొదటిది చెప్పే ధైర్యం చాలక రెండోదాన్ని కూడా లోపలే దాచుకుంటారు.

హింస అనగానే వాతలూ కమిలిన కళ్లూ గుర్తుకొస్తాయి. చాలా ఇళ్లలో అది చెయ్యెత్తడానికి ఎంతో ముందే మొదలవుతుంది. ఫోన్ పాస్‌వర్డ్ చెప్పమనడం, ఎవరితో మాట్లాడావని ఆరా తీయడం, ఆఫీసు నుంచి బయల్దేరగానే లొకేషన్ పంపమనడం, స్నేహితులను ఒక్కొక్కరినే దూరం చేయడం, ఏటీఎం కార్డు తన జేబులో పెట్టుకోవడం దాని తొలి రూపాలు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, డులూత్ నగరంలో 1984లో బాధిత స్త్రీల అనుభవాల ఆధారంగా ఒక చక్రం బొమ్మ గీశారు. దాని నడుమ అధికారం, అదుపు అన్న రెండు మాటలు ఉంటాయి. చుట్టూ ఆకుల్లాగా బెదిరింపులు, ఒంటరిని చేయడం, డబ్బు చేతికివ్వకపోవడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం ఉంటాయి. గృహహింస మీద పనిచేసేవారికి ప్రపంచమంతటా ఇప్పటికీ అదే మొదటి పాఠం. స్త్రీపురుషుల కాపురాలను చూసి గీసిన బొమ్మ అది. స్వలింగ జంటలతో పనిచేసేవారు తరువాత దానికి ఒక ఆకు అదనంగా చేర్చాల్సి వచ్చింది. అది గుట్టు బయటపెడతానన్న బెదిరింపు.

తెలుగిళ్లలో ఆ బెదిరింపు ‘ఇంట్లో చెప్పేస్తా’ అన్న చిన్న మాటలోకి ఇమిడిపోతుంది. ఊళ్లో ఉన్న నాన్నకు ఫొటోలు పంపిస్తాననడం, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడతాననడం, ఓనర్‌కు చెప్పి గది ఖాళీ చేయిస్తాననడం దాని రకాలు. ‘మీ చెల్లి సంబంధం చెడిపోతుంది చూడు’ అన్న మాట వీటన్నింటికన్నా పదునైనది. పరువు ఇంటిల్లిపాదిదీ అని పెరిగిన పిల్లలకు ఆ భయం ఒంటి దెబ్బ కన్నా ఎక్కువగా పనిచేస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారైతే ఆ సంగతి కూడా ఆయుధమే. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఒకరు నమ్మి చెప్పిన ఆ సమాచారాన్ని వారి సమ్మతి లేకుండా బయటపెట్టరాదని అది చెబుతుంది. ఆ రక్షణ ఉన్నట్టు తెలిసినవారు తక్కువ.

ఈ బెదిరింపు ఎంత పాతదో చెప్పడానికి ఇండియన్ పీనల్ కోడే సాక్ష్యం. 1860లో ఆ స్మృతి రాసిన వలస పాలకులు 377వ సెక్షన్ కింద స్వలింగ సంపర్కాన్ని నేరం చేశారు. అదే స్మృతిలో 388, 389 సెక్షన్లు కూడా రాశారు. తప్పుడు పని చేశావని ఫిర్యాదు చేస్తానంటూ భయపెట్టి డబ్బు గుంజడం ఆ రెండు సెక్షన్ల నేరం. భయపెట్టినది 377 ఫిర్యాదు పేరుతో అయితే యావజ్జీవ శిక్ష దాకా వేయవచ్చని వాటిలో ప్రత్యేకంగా చేర్చారు. తాము చేస్తున్న చట్టం బ్లాక్‌మెయిల్‌కు దారి తీస్తుందని రాసినవాళ్లకు ముందే తెలుసన్నమాట. తెలిసీ ఆ సెక్షన్‌ను ఉంచారు, అది 158 ఏళ్లు నడిచింది.

సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో తీర్పు ఇచ్చి, వయసు వచ్చినవారు ఇష్టపడి కలవడం నేరం కాదని తేల్చింది. అదే నెల 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీనగర్ దాకా మెట్రో మొదలైంది. ఈ రెంటికీ సంబంధం లేకపోయినా, హైదరాబాద్ తూర్పు భాగంలో కొత్తగా సంపాదన మొదలుపెట్టిన యువత బతుకు రెంటి వల్లా మారింది. సైదాబాద్, మూసారాంబాగ్, గడ్డిఅన్నారం, చైతన్యపురి, కొత్తపేట ప్రాంతాలు పాత మధ్యతరగతి కాలనీలు. వాటిని ఆనుకుని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్నాయి. గ్రూప్స్‌కూ బ్యాంకు పరీక్షలకూ చదివేవారు, సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చినవారు, తొలి ఉద్యోగంలో చేరినవారు నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి, కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ గదులు పంచుకుంటారు.

ఈ వీధుల్లో పెళ్లికాని అబ్బాయీ అమ్మాయీ కలిసి ఇల్లు అడిగితే ఓనర్ పెళ్లి ఫొటో చూపమంటారు. ఇద్దరు అబ్బాయిలో ఇద్దరు అమ్మాయిలో అడిగితే మహా అయితే ‘బ్యాచిలర్లకు ఇవ్వం’ అంటారు, లేదంటే అడ్వాన్స్ తీసుకుని తాళం చేతికిస్తారు. రూమ్మేట్లు అన్న ఒక్క మాట స్వలింగ జంటకు పెద్ద చాటు. చాలామందికి నగరం ఇచ్చిన స్వేచ్ఛ కూడా అదే. హింస మొదలైన రోజున ఆ చాటే గోడగా మారుతుంది. కిందింటివాళ్లకు అరుపులు వినిపించినా, ‘పిల్లలు కొట్టుకుంటున్నారు, రేపటికి వాళ్లే కలిసిపోతారు’ అని ఊరుకుంటారు. అద్దె ఒప్పందం ఒకరి పేరునే ఉంటుంది. రెండోవారిని అర్ధరాత్రి బయటికి నెట్టి తాళం మార్చేసినా, అది తన ఇల్లని చూపడానికి వారి దగ్గర కాగితం ఉండదు. అడ్వాన్స్‌లో సగం తనదేననడానికీ రుజువు ఉండదు. జీతాలు రెండైనా కొన్న ఫ్రిజ్జు, బండి ఒకరి పేరు మీదే ఉంటాయి.

ఇరుగుపొరుగు సంగతి అలా ఉంచితే, దెబ్బలు తింటున్న మనిషికే అది గృహహింస అని తోచదు. అత్తాకోడళ్లు, తాగొచ్చి కొట్టే మొగుడు, కట్నం గొడవ ఇవే సినిమాలూ సీరియళ్లూ నేర్పిన గృహహింస. ఆడపిల్ల ఆడపిల్లను ఏం కొడుతుందిలే అన్న తేలికభావం ఒకవైపు, మగాడివై ఉండి దెబ్బలు తింటావా అన్న ఎకసెక్కం మరోవైపు ఉన్నాయి. బాధితులు కూడా ఈ మాటల మధ్యే పెరిగారు. ఇద్దరిదీ ఒకే లింగం కాబట్టి బలమూ సమానమే, కాబట్టి అది ఇద్దరూ చేసుకున్న కొట్లాటే అన్న అపోహ అన్నింటికన్నా చేటు చేస్తుంది. పోలీసులూ కొన్నిసార్లు కౌన్సెలర్లూ ఇద్దరినీ కూర్చోబెట్టి మందలించడం ఈ అపోహ నుంచే పుడుతుంది. ఎవరికి ఎవరంటే భయం, ఎవరి ఫోన్ ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎవరిని అడిగి బయటికి వెళుతున్నారు అన్న మూడు ప్రశ్నలు వేస్తే చాలావరకు అసలు సంగతి తేలుతుంది. పొడవు, బరువు, గడ్డం, చీర చూసి తేల్చబోతే తప్పుదారి పట్టడం ఖాయం. తనను కాపాడుకోవడానికి తిరిగి ఒక దెబ్బ వేసిన మనిషి కొట్టిన మనిషితో సమానం కాదు.

స్వలింగ సంపర్కుల సంఘాల్లో కూడా ఈ సంగతి మీద మౌనం పాటించారు. అమెరికాలో 1980లలో స్త్రీవాద ఆశ్రయ కేంద్రాలు నడిపినవారే మొదట ఈ మౌనాన్ని ఎదుర్కొన్నారు. పురుషాధిపత్యమే హింసకు మూలమని నమ్మినవారికి స్త్రీ చేతిలో దెబ్బతిన్న స్త్రీ ఒక చిక్కుప్రశ్న అయింది. సామాజిక శాస్త్రవేత్త క్లెయిర్ రెంజెట్టి హింసకు గురైన 100 మంది లెస్బియన్ స్త్రీలను అధ్యయనం చేసి 1992లో పుస్తకం వేశారు. ఒకరి మీద ఒకరు ఆధారపడటంలో తేడాలు, అసూయ ఆ హింసలో ఎంత బలంగా పనిచేశాయో ఆమె చూపించారు. సాయం కోసం వెళ్లిన చోట్ల ఎంత చులకన ఎదురైందో కూడా రాశారు. అసలే సమాజం తప్పుపడుతోంది, ఇది కూడా బయటపడితే వాళ్ల నోటికి ఇంకో మాట అందించినట్టవుతుందని సంఘాలవారు వెనకాడటం అర్థం చేసుకోదగ్గదే. ఆ వెనకాడటానికి మూల్యం మాత్రం దెబ్బలు తినేవారే చెల్లించారు.

ఈ హింస ఎంత ఉందో కొలిచిన దేశాలు కొన్నే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2010లో చేసిన సర్వేలో, లైంగికతను బట్టి విడదీసిన భాగాన్ని 2013లో ప్రచురించింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సన్నిహిత భాగస్వామి చేతిలో అత్యాచారానికో, శారీరక హింసకో, వెంటాడి వేధించడానికో గురైనవారు లెస్బియన్ స్త్రీలలో 43.8 శాతం, ద్విలింగ ఆకర్షణ ఉన్న స్త్రీలలో 61.1 శాతం, మిగతా స్త్రీలలో 35 శాతం. పురుషులలో ఇదే లెక్క గేలకు 26 శాతం, ద్విలింగ ఆకర్షణ ఉన్నవారికి 37.3 శాతం, మిగతావారికి 29 శాతం. ఈ అంకెలను తొందరపడి చదవకూడదు. ద్విలింగ ఆకర్షణ ఉన్న స్త్రీలను హింసించినవారు పదింట తొమ్మిది సందర్భాల్లో పురుషులే. లెస్బియన్ స్త్రీలలో కూడా దాదాపు మూడోవంతు మంది తమను హింసించినవారిలో పురుషులున్నారని చెప్పారు. స్వలింగ జంటల్లో హింస ఎక్కువని గానీ తక్కువని గానీ ఈ లెక్కలతో వాదించేవారు సగమే చదివినట్టు లెక్క. వీటితో గట్టిగా చెప్పగలిగింది ఒకటే, మిగతా కాపురాల్లో ఉన్న హింస ఈ జంటల్లోనూ ఉంది.

మన దగ్గర ఆ మాత్రం లెక్క కూడా లేదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో పెళ్లైన 18–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త హింసను చవిచూశారు. ఆ ప్రశ్నలు భర్త గురించే. ఇద్దరు స్త్రీల ఇంటి తలుపు తట్టిన సర్వేయర్ దగ్గర వాళ్ల మధ్య ఏం జరుగుతోందో అడిగే ప్రశ్నే ఉండదు. పోలీసు లెక్కల్లో కూడా ఇలాంటి కేసు నమోదైనా మామూలు కొట్లాటల గడిలోకే వెళుతుంది.

ఇక చట్టం. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. శారీరక, లైంగిక, మాటల, మానసిక, ఆర్థిక హింసలన్నింటినీ అది హింసగానే గుర్తించింది. మెజిస్ట్రేటు దగ్గరికి వెళితే దగ్గరికి రాకూడదన్న రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదన్న నివాస ఉత్తర్వు, ఖర్చులు, నష్టపరిహారం ఇప్పించవచ్చు. ఉత్తర్వు మీరితే ఏడాది జైలు గానీ, 20 వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. మంచి చట్టం. దాని వాకిట్లో రెండు గడపలున్నాయి.

మొదటి గడప, బాధితురాలు స్త్రీ అయి ఉండాలి. గే జంటలోని పురుషుడికి అక్కడే తలుపు మూసుకుపోతుంది. రెండో గడప, ఇద్దరి మధ్య గృహ సంబంధం ఉండాలి. రక్తసంబంధం, పెళ్లి, పెళ్లి వంటి సంబంధం, దత్తత, ఉమ్మడి కుటుంబం, వీటిలో ఏదో ఒకటి ఉండాలని 2వ సెక్షన్‌లోని నిర్వచనం అంటుంది. నిజానికి ఫిర్యాదు ఎదుర్కొనే వ్యక్తి ‘వయోజన పురుషుడు’ అయి ఉండాలన్న మూడో గడప కూడా మొదట్లో ఉండేది. హీరల్ హర్సోరా కేసులో 2016 అక్టోబర్ 6న సుప్రీంకోర్టు ఆ రెండు మాటలను కొట్టేసింది. అప్పటి నుంచి స్త్రీ మీద స్త్రీ ఫిర్యాదు చేయవచ్చు. అలాగైతే ఒక స్త్రీ తన స్త్రీ భాగస్వామి మీద కూడా చేయవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడ రెండో గడప అడ్డుపడుతుంది.

పెళ్లి వంటి సంబంధం అంటే ఏమిటో సుప్రీంకోర్టు ఇంద్ర శర్మ కేసులో 2013 నవంబర్ 26న విడమరిచి చెప్పింది. ఆ కేసు పెళ్లైన మగవాడితో సహజీవనం చేసిన స్త్రీది, స్వలింగ జంటది కాదు. అయినా సహజీవనాలను రకాలుగా విడదీస్తూ, స్వలింగ భాగస్వాముల సంబంధాన్ని ఈ చట్టం గుర్తించదని, అది పెళ్లి వంటి సంబంధం కిందికి రాదని అందులో రాశారు. దక్షిణాఫ్రికా 1998లో చేసిన గృహహింస చట్టంలో ఇలాంటి జంటలకు చోటు ఉందని కూడా అదే తీర్పులో ప్రస్తావించారు. ఆ వాక్యం రాసే నాటికి 377వ సెక్షన్ వ్యవహారం సుప్రీంకోర్టులోనే తేలకుండా ఉంది. ఢిల్లీ హైకోర్టు 2009లో ఆ సెక్షన్‌ను తగ్గించి ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు సరిగ్గా పదిహేను రోజులకు, 2013 డిసెంబర్ 11న, రద్దు చేసింది. ఆ రద్దును 2018 తీర్పు తోసిపుచ్చింది. గృహహింస చట్టంలోని నిర్వచనాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

పెళ్లి హక్కు వచ్చి ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరేది. ఆ హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు ఒక హైదరాబాద్‌వాసి పేరుతోనే ఉంది. నగరంలో నివసించే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2022లో పిటిషన్ వేశారు. వారితోపాటు మరెన్నో జంటల పిటిషన్లను విన్న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 అక్టోబర్ 17న తీర్పు ఇచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో ఐదుగురూ ఏకమయ్యారు. జంటగా ఉండే బంధాన్ని చట్టం గుర్తించాలన్న దగ్గర ఇద్దరు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. ప్రత్యేక వివాహ చట్టాన్ని లింగభేదం లేకుండా చదివితే స్త్రీల కోసం చేసిన రక్షణలు దెబ్బతినవచ్చన్న ఆందోళన కూడా మెజారిటీ వైపు నుంచి వచ్చింది. ఆ ఆందోళనను కొట్టిపారేయలేం. స్త్రీల రక్షణను పలచబరచకుండా దాని పక్కనే ఇంకొకరికి చోటివ్వడం చట్టం రాసేవారి పని. ఈ జంటల ఇబ్బందులు పరిశీలించడానికి కేంద్రం వేసిన కమిటీ పని మొదలుపెట్టాక రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడటం, ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి అడ్డు లేదని 2024 ఆగస్టులో స్పష్టం చేయడం లాంటివి జరిగాయి. గృహహింస దగ్గరికి ఆ పని ఇంకా రావాలి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. భాగస్వామి నుంచి కాపాడని ఇదే చట్టం, కన్నవాళ్ల నుంచి కాపాడుతుంది. మరో అమ్మాయిని ప్రేమించిందని కూతుర్ని కొట్టి గదిలో పెట్టిన తండ్రి మీద, ఫోన్ లాక్కున్న తల్లి మీద, చంపుతానన్న అన్న మీద ఆ అమ్మాయి 2005 చట్టం కిందే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. రక్తసంబంధం ఉంది, బాధితురాలు స్త్రీ, 2016 తీర్పు తరువాత తల్లిని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. తెలుగునాట ఈ జంటలు కోర్టుల దాకా వచ్చిన సందర్భాలు ఎక్కువగా ఇలాంటివే. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక హెబియస్ కార్పస్ పిటిషన్ వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి తీసుకెళ్లి నర్సీపట్నంలో నిర్బంధించారని రెండో యువతి ఫిర్యాదు. ఆ యువతి మేజరని, ఇష్టమైనవారితో ఉండే స్వేచ్ఛ ఆమెకు ఉందని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని జస్టిస్ ఆర్. రఘునందన్‌రావు, జస్టిస్ కె. మహేశ్వరరావు ధర్మాసనం తేల్చింది. అదే ఏడాది మార్చి 11న సుప్రీంకోర్టు ఇలాంటి కేసులు వినే కోర్టులకు మార్గదర్శకాలు ఇస్తూ, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయవద్దని చెప్పింది.

ఇంటివాళ్ల హింసకూ భాగస్వామి హింసకూ లోపల ఒక ముడి ఉంది. ఇంట్లోంచి తరిమేసినా, తానే పారిపోయి వచ్చినా, వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయిన మనిషికి ఆ భాగస్వామి తప్ప దిక్కుండదు. ఆ సంగతి కొట్టే చేతికి బాగా తెలుసు. ‘నన్ను వదిలి ఎక్కడికి పోతావు? మీవాళ్లు రానిస్తారా?’ అన్న ప్రశ్న అక్కడిదే. ఇంట్లో బలవంతంగా చేసిన పెళ్లి దీనికి ఇంకో మెలిక పెడుతుంది. పెళ్లైన మగవాడు పాత సంబంధం తెంచుకోబోతే పాత భాగస్వామి బెదిరింపులకు దిగవచ్చు. ఏమీ తెలియని భార్య ఆ ఇంట్లో మూడో బాధితురాలు. ఆమెకు 2005 చట్టం ఎప్పటిలాగే ఉంది.

2005 చట్టం వర్తించనివారికి మామూలు నేర చట్టం ఉంది. అది లింగం అడగదు, బంధం అడగదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కొట్టి గాయపరచడం 115వ సెక్షన్, తీవ్రంగా గాయపరచడం 117, ఆయుధంతో గాయపరచడం 118, బంధించడం 127, భయపెట్టి డబ్బు గుంజడం 308, చంపుతాననీ పరువు తీస్తాననీ బెదిరించడం 351. ‘ఇంట్లో చెప్పేస్తా, పదివేలు పంపు’ అనడం 308 కిందికి వస్తుంది, 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. సమ్మతి లేకుండా నగ్న చిత్రాలు తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ స్త్రీకీ పురుషుడికీ సమానంగా పనిచేస్తుంది. అలాంటి ఫిర్యాదుకు 1930 నంబరు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉన్నాయి.

చట్టంలో పెద్ద కంత లైంగిక హింస దగ్గర ఉంది. న్యాయ సంహిత 63వ సెక్షన్ ప్రకారం అత్యాచారం అంటే పురుషుడు స్త్రీ మీద చేసేదే. పురుషుడి మీద పురుషుడు బలవంతం చేస్తే శిక్షించడానికి 2018 తరువాత కూడా 377వ సెక్షన్‌లో ఆ భాగం మిగిలే ఉండేది. కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. తోటి పురుషుడి చేతిలో బలాత్కారానికి గురైన వయోజన పురుషుడు ఇప్పుడు గాయం, నిర్బంధం, బెదిరింపు అన్న చిన్న సెక్షన్లతో సరిపెట్టుకోవాలి. ఇది పొరపాటున జరిగిందో కావాలని జరిగిందో గానీ, సమర్థించడానికి వీల్లేని లోటు. స్త్రీ చేతిలో లైంగిక హింసకు గురైన స్త్రీకి 74వ సెక్షన్ కొంత ఆసరా. అందులో నిందితులు పురుషులే కావాలన్న మాట లేదు.

ట్రాన్స్ వ్యక్తుల సంగతి వేరుగా చూడాలి, వారి కాపురాలన్నీ స్వలింగ బంధాలు కావు. 2019 ట్రాన్స్‌జెండర్ల చట్టం 18వ సెక్షన్ వారిని శారీరకంగా, లైంగికంగా, ఆర్థికంగా హింసించడాన్ని నేరం చేసి, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష పెట్టింది. అత్యాచారం వంటి నేరానికి అది చాలా తక్కువ శిక్ష. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పురుషుణ్ని పెళ్లాడిన ట్రాన్స్ మహిళ కూడా భర్త, అత్తింటివారి వేధింపుల మీద పెట్టే 498ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. ఆ ఒక్క కేసులో ఆధారాలు చాలవని కొట్టేసినా, చెప్పిన సూత్రం మిగిలింది.

చట్టం పుస్తకంలో ఉన్నదానికీ స్టేషన్‌లో దొరికేదానికీ మధ్య కొంత దూరం ఉంటుంది. మామూలు దెబ్బల 115వ సెక్షన్ మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని రకం నేరం. ‘మీలో మీరు తేల్చుకోండి’ అని పంపేయడానికి అదొక సాకు అవుతుంది. ఆయుధం వాడినా, డబ్బు గుంజినా, గదిలో బంధించినా ఆ సాకు చెల్లదు. ఫిర్యాదులో వాటిని స్పష్టంగా రాయాలి. కేసు దాకా వెళ్లలేకపోతే శాంతిభద్రతల పూచీకత్తు కింద బైండోవర్ చేయించమని అడగవచ్చు. సైదాబాద్ హైదరాబాద్ జిల్లాలో ఉంది, ఎల్‌బీనగర్ రంగారెడ్డి జిల్లాలో ఉంది. కొద్ది దూరంలోనే జిల్లా, స్టేషన్, కోర్టు మారిపోతాయి. మా పరిధి కాదన్న జవాబు వస్తే జీరో ఎఫ్‌ఐఆర్ అడగడం బాధితుల హక్కు. ఫిర్యాదులో సంబంధం పేరు రాయడం తప్పనిసరి కాదు. ఒకే గదిలో ఉంటున్నవారు కొట్టారన్నా నేరం నేరమే.

ప్రవాసంలో దారి మరోలా ఉంటుంది. అమెరికాలో స్వలింగ పెళ్లిళ్లకు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు తెచ్చిన 2013 జూన్ 26 నాటి విండ్సర్ తీర్పు తరువాత స్వలింగ జీవిత భాగస్వామికి కూడా ఆధారిత వీసా దొరుకుతోంది. దాంతోపాటే ‘వీసా తీయించేస్తా’ అన్న బెదిరింపు కూడా ఆ కాపురాల్లోకి వచ్చింది. అదే ఏడాది పునరుద్ధరించిన స్త్రీల మీద హింస నిరోధక చట్టం, కేంద్ర నిధులతో నడిచే సాయం అందించడంలో లైంగికత ఆధారంగా వివక్ష చూపరాదని నిషేధించింది. పౌరులనో గ్రీన్ కార్డు ఉన్నవారినో పెళ్లాడి హింస పడుతున్నవారు వారి సంతకం లేకుండానే తమ నివాస హక్కుకు దరఖాస్తు చేసుకునే వీలు స్వలింగ దంపతులకూ వర్తిస్తుంది.

హైదరాబాద్‌లో ఇప్పుడున్న సాయంలో ఎక్కువ భాగం స్త్రీలకే ఉంది, దాన్ని వాడుకోవడానికి కొట్టింది మగవాడై ఉండనక్కర లేదు. 181 మహిళా హెల్ప్‌లైన్, జిల్లాల్లోని సఖి కేంద్రాలు, 2016లో నగరంలో మొదలైన భరోసా కేంద్రం ఉన్నాయి. సఖి కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసలహాతోపాటు ఐదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. పురుషులకు అలాంటి ఆశ్రయం లేదు. వారికి న్యాయసేవల నంబరు 15100, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. ఉచిత న్యాయవాది స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా దొరుకుతారు, పురుషులకు ఆదాయ పరిమితి గానీ ఎస్సీ, ఎస్టీ వంటి మరో అర్హత గానీ చూస్తారు. ఇల్లు వదలాలనుకున్నవారు ముందుగా సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మందుల చీటీలు నమ్మకమైన మరో చోట ఉంచుకోవడం, బెదిరింపు మెసేజీలను చెరిపేయకుండా వేరే మెయిల్‌కు పంపి పెట్టుకోవడం, గాయాలకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స చేయించుకుని కాగితం తీసుకోవడం తరువాత కోర్టులో పనికొస్తాయి. పక్క గదిలో దెబ్బల చప్పుడు విన్న ఓనర్లు, హాస్టల్ వార్డెన్లు, ఎదురింటివారు 112కు గానీ 100కు గానీ ఫోన్ చేయాలి. ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో తేల్చుకునేదాకా ఆగవద్దు.